సీరియల్ కిల్లర్ల ఎన్‌సైక్లోపీడియా చేతికొస్తే ఎలా చదవాలి

వరస హత్యల మీద వచ్చే రిఫరెన్సు పుస్తకాలన్నీ దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. అక్షరక్రమంలో పేర్లు, ఒక్కో పేరు కింద ఒకటి రెండు పేజీలు, పుట్టిన ఏడు, దొరికిన ఏడు, ‘మొత్తం హత్యలు’ అంటూ ఒక అంకె, పక్కన ఫోటో. ఆ ఫోటో హంతకుడిది. చనిపోయినవాళ్లు ‘మరో ఏడుగురు మహిళలు’ అన్న ఒక్క ముక్కలో సర్దుకుపోతారు.

ఈ పుస్తకాలు ఇష్టంగా చదివేవాళ్లు చాలామందే ఉన్నారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కాకపోతే మామూలుగా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుకుంటూ పోతే బుర్రలో మిగిలేవి అంకెలూ మారుపేర్లే. కాస్త నిలదీస్తూ చదివితే అదే పుస్తకంలో పోలీసు వ్యవస్థ ఎక్కడ చతికిలపడిందో, ఎవరు కనిపించకుండా పోతే ఎవరూ వెతకలేదో కనిపిస్తుంది. ఒక పెన్సిలు, ఒక నోటుబుక్కు, కొన్ని కాగితపు చీటీలు దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి.

1. ముందు అచ్చయిన సంవత్సరం చూడండి

అట్ట మీద బొమ్మ కాదు, లోపల రెండో పేజీలో ఉండే ముద్రణ సంవత్సరం చూడాలి. ఈ రంగంలో పదేళ్ల నాటి పుస్తకం కూడా పాతబడిపోతుంది.

కాలిఫోర్నియాలో 1970లు, 80లలో జరిగిన అత్యాచారాలు, హత్యలకు సంబంధించి 2001కి ముందు వచ్చిన పుస్తకాల్లో ‘ఈస్ట్ ఏరియా రేపిస్ట్’ ఒకడు, ‘ఒరిజినల్ నైట్ స్టాకర్’ మరొకడు. ఇద్దరూ ఒక్కడేనని 2001లో డీఎన్‌ఏ తేల్చింది. అయినా వాడెవడో తెలియలేదు. 2018 ఏప్రిల్‌లో, వంశవృక్షాలు వెతుక్కునేవాళ్లు తమ డీఎన్‌ఏ వివరాలు పెట్టుకునే వెబ్‌సైటులో దూరపు చుట్టాల ఆనవాళ్లు దొరకబట్టి, జోసెఫ్ డిఆంజెలో అనే మాజీ పోలీసును అరెస్టు చేశారు. 2020లో అతను 13 హత్యలు ఒప్పుకున్నాడు. అంటే మీ చేతిలో ఉన్నది 2000లో వచ్చిన పుస్తకమైతే ఇద్దరు అజ్ఞాత హంతకులు, 2010లోదైతే ఒక అజ్ఞాత హంతకుడు, ఈమధ్య వచ్చినదైతే ఒక పేరు.

ఇంతకన్నా ముఖ్యమైనది దీనికి తలకిందులు. పుస్తకంలో హంతకులుగా ఎక్కినవాళ్లు తర్వాత నిర్దోషులుగా తేలడం. స్వీడన్‌లో థామస్ క్విక్ అనే పేరుతో ఒక వ్యక్తి మానసిక చికిత్సాలయంలో ఉంటూ 30కి పైగా హత్యలు తానే చేశానని చెప్పాడు. ఎనిమిదింటిలో కోర్టులు దోషి అన్నాయి. 2013 నాటికి ఆ ఎనిమిదీ కొట్టేశారు. నెదర్లాండ్స్‌లో లూసియా డి బెర్క్ అనే నర్సుకు 2003లో యావజ్జీవం పడింది. ఆమె డ్యూటీలో ఉన్నప్పుడే ఇన్ని మరణాలు జరగడం కాకతాళీయం కాదన్న లెక్క ఆ కేసులో పెద్ద బలం. ఆ లెక్కే తప్పని గణాంక శాస్త్రవేత్తలు చూపించారు. 2010లో ఆమె నిర్దోషిగా బయటికొచ్చింది. మన దేశంలో, ఢిల్లీ పక్కన నోయిడాలో పిల్లలు మాయమైన నిఠారీ కేసులో ఉరిశిక్షలు పడినవాళ్లను 2023 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు నిర్దోషులంది. పిల్లల ఎముకలు దొరికిన మాట నిజం. ఆ పిల్లల్ని ఎవరు చంపారన్నదే తేలలేదు. పాత పుస్తకాల్లో మాత్రం ఈ మూడు కేసుల కథలూ ‘రాక్షసుడు’, ‘మృత్యుదేవత’ లాంటి శీర్షికలతో ఇప్పటికీ ఉన్నాయి.

కాబట్టి పాత పుస్తకాన్ని పారేయొద్దు గానీ, మీరు చదివే ప్రతి ఎంట్రీ తర్వాత కోర్టులో ఏం జరిగిందో చూసి, సంవత్సరం వేసి ఒక చీటీ మీద రాసి ఆ పేజీలో పెట్టండి. గ్రంథాలయం పుస్తకమైతే నోటుబుక్కులో రాసుకోండి.

2. ముందుమాటలో నిర్వచనం వెతకండి

ఎన్ని హత్యలు చేస్తే ‘సీరియల్’ అవుతుంది? అమెరికాలో 1998 నాటి చట్టం మూడు అంది. 2005లో శాన్ ఆంటోనియోలో ఎఫ్‌బీఐ ఏర్పాటు చేసిన సదస్సు తర్వాత, వేర్వేరు ఘటనల్లో ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమందిని చంపితే చాలన్నారు. రెండు నిర్వచనాల మధ్య వందల పేర్లు అటూ ఇటూ అవుతాయి. కొన్ని పుస్తకాలు కిరాయి హంతకుల్నీ, ముఠాల్నీ కలుపుతాయి, కొన్ని కలపవు. ముందుమాటలో ఇదేదీ చెప్పని పుస్తకాన్ని ‘ఏ దేశంలో ఎక్కువ’ లాంటి ప్రశ్నలకు వాడుకోకండి. ఇంగ్లిషు పత్రికలు, కోర్టు రికార్డులు దండిగా దొరికే దేశాల పేర్లే వీటిలో ఎక్కువ కనిపిస్తాయి. అది రికార్డుల లెక్క తప్ప నేరాల లెక్క కాదు.

3. ఆ అంకెను నాలుగు ముక్కలు చేయండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ‘మొత్తం హత్యలు’ అని కనిపించగానే నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయండి. మొదటి గడిలో కోర్టు శిక్ష వేసినవి. రెండో దాంట్లో శిక్ష పడకపోయినా విచారణ సంఘమో పోలీసులో ఆధారాలతో నిర్ధారించినవి. మూడో దాంట్లో అతను తానే చెప్పుకున్నవి. నాలుగో దాంట్లో ఇతరులు అనుమానించినవి, పత్రికలు అంటగట్టినవి. పుస్తకంలో ఉన్న అంకె ఈ నాలుగింటిలో ఏ గడికి చెందుతుందో తేల్చండి. చాలా ఎంట్రీల్లో అది మూడోదో నాలుగోదో అవుతుంది, ఎందుకంటే పెద్ద అంకె ఉండేది అక్కడే.

హెచ్.హెచ్. హోమ్స్ పేరు ఈ పుస్తకాలన్నిటిలో ఉంటుంది. షికాగోలో అతని భవనాన్ని ‘హత్యల కోట’ అంటారు, 200 మందిని చంపాడంటారు. గళ్లలో పెట్టి చూడండి. కోర్టు శిక్ష వేసింది ఒక్క హత్యకు. దానికే 1896 మే 7న ఫిలడెల్ఫియాలో ఉరి తీశారు. డబ్బు తీసుకుని పత్రికకు రాసిచ్చిన ఒప్పుకోలులో 27 మంది అన్నాడు. వాళ్లలో కొందరు అప్పటికి బతికే ఉన్నారు. నాలుగైదు దశాబ్దాల తర్వాత వచ్చిన చౌకబారు రాతల్లోంచి 200 పుట్టింది. ఒక్కో గడి దాటేకొద్దీ అంకె ఎలా ఉబ్బిందో కళ్లకు కడుతుంది.

హెన్రీ లీ లూకాస్ సంగతి ఇంకా బాధాకరం. 1983లో దొరికాక వందల హత్యలు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నకొద్దీ సెల్‌లో సౌకర్యాలు, బయట తిరుగుళ్లు, మిల్క్‌షేక్‌లు దొరికాయి. ఎక్కడెక్కడి పోలీసులో వరస కట్టి వచ్చి తమ దగ్గర తేలని కేసుల్ని అతని ఖాతాలో వేసుకుని వెళ్లారు. హత్య జరిగిన రోజున అతను ఎన్నో మైళ్ల దూరంలో ఉన్నట్టు 1985లో డల్లాస్ పత్రిక ఒకటి కేసు తర్వాత కేసుగా బయటపెట్టింది. శిక్షలు పడినవి 11. అందులో మరణశిక్ష పడిన కేసులోనే, అతను అప్పుడు ఫ్లోరిడాలో పని చేస్తున్నట్టు రికార్డులు కనిపించడంతో, 1998లో టెక్సాస్ గవర్నరు దాన్ని యావజ్జీవంగా మార్చారు. అబద్ధపు ఒప్పుకోలుతో కేసు మూసేస్తే, నిజంగా చంపినవాడి జోలికి ఎవరూ పోరు. ఫైలు అటక ఎక్కుతుంది. చనిపోయిన మనిషి ఇంట్లోవాళ్లకు ఒక అబద్ధం చేతిలో పెట్టి పంపించేస్తారు. ఈ కారణంగానే మూడో గడిని నేను చాలా సీరియస్‌గా తీసుకుంటాను.

అలాగని ఒప్పుకోలు అంతా బూటకమని కొట్టిపారేయడానికీ లేదు. శామ్యూల్ లిటిల్ 93 హత్యలు ఒప్పుకుంటే, 2019 అక్టోబరు నాటికి 50 నిర్ధారణయ్యాయని ఎఫ్‌బీఐ ప్రకటించింది. చంపిన మహిళల ముఖాలను అతను గుర్తున్నంత వరకూ రంగుల్లో గీశాడు. ఎవరైనా గుర్తుపడతారేమోనని ఆ బొమ్మల్ని ఎఫ్‌బీఐ బయటపెట్టింది. వాళ్లలో చాలామంది మరణాలను అప్పట్లో మత్తుమందు ఎక్కువై పోయారనో, ప్రమాదమనో, కారణం తెలియదనో రాసేసి ఊరుకున్నారు.

మొదటి గడి అసలు నిజానికి చాలా తక్కువ చూపే కేసులూ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో డాక్టర్ హెరాల్డ్ షిప్‌మన్‌కు 2000 జనవరిలో శిక్ష పడింది 15 హత్యలకు. జడ్జి జానెట్ స్మిత్ నడిపిన విచారణ 2002లో 215 మందిని చంపాడని తేల్చింది, తర్వాత మొత్తం దాదాపు 250 అంది. ఇది పత్రికల ఊహ కాదు. ఒక్కో రోగి మరణాన్నీ విడివిడిగా, రికార్డులూ సాక్షులూ పెట్టుకుని చూసి తేల్చిన లెక్క. రెండో గడికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

ఇక ‘ప్రపంచంలోకెల్లా ఎక్కువ’ అనే జాబితాల్లో మనవాడుగా కనిపించే థగ్ బెహ్రాం. పుస్తకాల్లో 931 హత్యలు. కంపెనీ కాలపు అధికారులు రాసుకున్న అతని మాటల్లో మాత్రం తన చేత్తో చంపింది 125 మంది దాకా ఉండొచ్చని ఉంది. 931 అనేది అతనున్న ముఠాల లెక్క. ఆ మాట చెప్పింది కూడా వలస పాలకుల చేతిలో అప్రూవరుగా ఉన్న మనిషి. మూడో గడిలో వేసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

4. ఆ మాట మొదట ఎవరన్నారో పట్టుకోండి

పుస్తకం చివర ఆధార గ్రంథాల పట్టిక ఉందా? ఉంటే, మీకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించిన విషయం ఏదో ఒకటి తీసుకుని అది ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి. ఒకటి చాలు. ఆ ఒక్కటి నిలబడితే మిగతా పుస్తకాన్ని కొంత నమ్మొచ్చు.

హంగరీ ప్రభువంశానికి చెందిన ఎలిజబెత్ బాతోరి కన్యల రక్తంలో స్నానం చేసిందని ఎన్ని పుస్తకాల్లో ఉందో లెక్కలేదు. 1610, 1611లో తీసుకున్న సాక్షుల వాంగ్మూలాల్లో హింస ఉంది, చావులు ఉన్నాయి, రక్తస్నానం లేదు. ఆ కథ అచ్చులో కనిపించేది 1729లో, ఒక జెస్యూట్ క్రైస్తవ గురువు రాసిన పుస్తకంలో, ఆమె చనిపోయి నూరేళ్లు దాటాక. 650 మంది అనే అంకె కూడా ఒక పనిమనిషి తాను వేరేవాళ్ల దగ్గర విన్నానని చెప్పిన మాట.

అధికారి రాసిందైతే నమ్మొచ్చని కూడా అనుకోవద్దు. జాక్ ద రిప్పర్ చంపింది ఐదుగురినే అన్న లెక్కకు మూలం 1894లో మెల్విల్ మెక్‌నాటన్ అనే లండన్ పోలీసు అధికారి రాసిన నోటు. ఆ నోటు ప్రతుల్లో ఒకదాంట్లో అనుమానితుడు డ్రూయిట్‌ను 41 ఏళ్ల డాక్టరు అన్నాడు. అతను 31 ఏళ్ల బారిస్టరు, బడిలో పాఠాలు చెప్పేవాడు. ఇంత చిన్న సంగతిలో పొరపాటు పడిన కాగితం మీద లెక్కలేనన్ని పుస్తకాలు నిలబడ్డాయి.

ఇంకో చిట్కా. హంతకుడూ, చనిపోయిన వ్యక్తీ తప్ప మూడో మనిషి లేని గదిలో జరిగిన మాటల్ని పుస్తకం కొటేషన్లలో రాస్తే, పక్కన పెన్సిలుతో ‘ఎవరు విన్నారు?’ అని రాయండి. జవాబు వెనక పేజీల్లో దొరకకపోతే ఆ పేరా కల్పన కిందే లెక్క.

5. చనిపోయినవాళ్లకు విడిగా ఒక పేజీ ఇవ్వండి

ప్రతి ఎంట్రీకీ నోటుబుక్కులో ఎదురు పేజీ వదిలిపెట్టి, చనిపోయినవాళ్ల పేర్లు రాయండి. పుస్తకంలో పేర్లు లేకపోతే వెతికి రాయండి. పేరు పక్కన చావు గురించి కాకుండా బతుకు గురించి ఒక్క వివరమైనా ఉండాలని నియమం పెట్టుకోండి.

రిప్పర్ ఎంట్రీతోనే మొదలుపెట్టొచ్చు, అందరూ అక్కడే ఆగుతారు కాబట్టి. మేరీ ఆన్ నికోల్స్ కమ్మరి కూతురు. 1888 ఆగస్టు 31 తెల్లవారుజామున ఆమె వీధిలో ఉన్నది సత్రంలో పడకకు నాలుగు పెన్నీలు లేక. ఆనీ చాప్‌మన్ బగ్గీ తోలేవాడి భార్య, ముగ్గురు పిల్లల తల్లి, అప్పటికే ఊపిరితిత్తుల జబ్బుతో చిక్కిపోయిన మనిషి. ఎలిజబెత్ స్ట్రైడ్ స్వీడన్ నుంచి వచ్చింది. కేథరిన్ ఎడోస్ కొద్ది రోజుల ముందే కెంట్‌లో హాప్ పంట కోత కూలికి వెళ్లి వచ్చింది. సెప్టెంబరు 29 రాత్రి తాగి పడిపోయిందని పోలీసులు బిషప్స్‌గేట్ స్టేషనులో ఉంచారు, ఒంటిగంట ప్రాంతంలో వదిలేశారు. 1:45కి మైటర్ స్క్వేర్‌లో శవం. ఆమె దగ్గర దొరికిన వస్తువుల జాబితా పోలీసులు రాశారు: టీ పొడి ఉన్న ఒక డబ్బా, పంచదార ఉన్న ఒక డబ్బా, ఆరు సబ్బు ముక్కలు, ఒక దువ్వెన, గుడ్డపీలికలు. ఇల్లంతా ఒంటి మీదే మోసుకు తిరిగిన మనిషి. మేరీ జేన్ కెల్లీ గురించి తెలిసింది చాలా తక్కువ, ఆమె చెప్పుకున్నదే తప్ప. ఆ పేజీ ఖాళీగా ఉన్నా ఉండనివ్వండి.

ఈమధ్య కేసులైతే ఒక జాగ్రత్త. కుటుంబ సభ్యులు బతికే ఉంటారు. చిరునామాలు, పిల్లల పేర్లు, మృతదేహాల ఫోటోలు పోగుచేయకండి. ప్రశ్నలడగడానికి వాళ్ల ఇంటికో సోషల్ మీడియా ఖాతాకో వెళ్లడం అసలు వద్దు.

6. ‘అన్నాళ్లు ఎలా సాగింది?’ అని అడగండి

ఇలాంటి పుస్తకం నుంచి నిజంగా నేర్చుకోగలిగింది ఇదే. మొదటి హత్యకూ అరెస్టుకూ మధ్య ఎన్నేళ్లో రాసుకోండి. ఆ మధ్యలో ఎవరైనా అనుమానించారా? ఎవరికి చెప్పారు? విన్నవాళ్లు ఏం చేశారు?

షిప్‌మన్ కేసును ఇలా చదివి చూడండి. 1998 మార్చిలో పక్క క్లినిక్కు డాక్టరు ఒకామె, ఇతని రోగులు ఇంతమంది పోతున్నారేమిటని కరోనర్‌కు, అంటే అనుమానాస్పద మరణాలను విచారించే అధికారికి, చెప్పింది. పోలీసులు విచారించారు. పెథిడిన్ అనే మత్తునిచ్చే నొప్పి మందు కోసం దొంగ ప్రిస్క్రిప్షన్లు రాసినందుకు 1976లో అతనికి శిక్ష పడిందన్న సంగతి కూడా చూడకుండా విచారణ మూసేశారు. ఆ తర్వాత అతను మరో ముగ్గుర్ని చంపాడని విచారణ సంఘం తేల్చింది. చివరికి దొరికిందెలా? జూన్ 24న పోయిన కేథ్లీన్ గ్రండీ ఆస్తి అతనికి రాసిచ్చినట్టు ఒక వీలునామా బయటపడింది. ఆమె కూతురు న్యాయవాది. కాగితం చూడగానే అనుమానించింది. మరణ ధ్రువీకరణను మరో వైద్య నిపుణుడు స్వతంత్రంగా పరిశీలించే విధానం ఇంగ్లండ్, వేల్స్‌లో చట్టబద్ధంగా అమల్లోకి వచ్చింది 2024 సెప్టెంబరులో. గ్రండీ పోయి 26 ఏళ్లు.

ఇంగ్లండ్‌లోనే పీటర్ సట్‌క్లిఫ్ అనే హంతకుణ్ని పోలీసులు తొమ్మిదిసార్లు ప్రశ్నించి వదిలేశారు. వివరాలన్నీ వేలకొద్దీ కార్డుల మీద చేత్తో రాసినవి, ఒకదానితో ఒకటి కలిపి చూసే వీలు లేదు. దానికి తోడు 1979లో ఎవడో ఆకతాయి పంపిన క్యాసెట్టును నమ్మి, అందులోని గొంతుకున్న యాస లేనివాళ్లను పక్కన పెట్టారు. 1981 జనవరిలో కారు నంబరు ప్లేటు నకిలీదని పట్టుకుంటే దొరికాడు. అప్పటికి 13 మంది మహిళలు పోయారు. న్యూయార్కులో డేవిడ్ బెర్కోవిట్జ్‌ను 1977లో పట్టించింది ఒక పార్కింగ్ చలానా. కాన్సస్‌లో డెనిస్ రేడర్‌ను 2005లో పట్టించింది అతనే పంపిన ఫ్లాపీ డిస్కు. హంతకుడు మహా తెలివిగలవాడన్న వాక్యం కనిపించినప్పుడల్లా ఈ చలానా, ఈ ప్లేటు గుర్తు చేసుకోండి.

7. మనస్తత్వపు ముద్రల దగ్గర ఆగండి

‘ఆర్గనైజ్డ్’, ‘డిసార్గనైజ్డ్’ అన్న రెండు రకాలు ఎఫ్‌బీఐ 36 మంది ఖైదీలతో చేసిన ఇంటర్వ్యూల నుంచి వచ్చాయి. 2004లో బ్రిటన్ పరిశోధకులు 100 హత్యల మీద సరిచూస్తే అలా రెండు గుంపులుగా విడిపోలేదు. పక్క తడపడం, నిప్పు పెట్టడం, జంతువుల్ని హింసించడం చిన్నప్పుడే కనిపించే మూడు గుర్తులని రాసే పుస్తకాలు ఇంకా ఉన్నాయి. ఆ మాట 1963లో ఒక సైకియాట్రిస్టు, చంపుతామని బెదిరించిన 100 మంది రోగులను చూసి రాసింది. వాళ్లు హంతకులు కాదు. ఇంట్లో పక్క తడిపే పిల్లాడుంటే ఆ పేజీ చదివి కంగారు పడకండి.

8. మీ నిద్ర, మీ భయం

ఈ తరహా పుస్తకాలను మగవాళ్ల కన్నా ఆడవాళ్లు ఎక్కువగా ఎంచుకుంటారని 2010లో అమెరికాలో విక్కరీ, ఫ్రేలీ అనే పరిశోధకులు చూపించారు. ఎలా తప్పించుకోవాలన్న సమాచారం ఉన్న పుస్తకం వైపు వాళ్లు ఇంకా ఎక్కువ మొగ్గారు. భయమున్నచోట జాగ్రత్త నేర్చుకోవాలనుకోవడం సహజమే. కానీ పుస్తకంలోని ప్రపంచం బయటి ప్రపంచం కాదు. అమెరికాలో ఏడాదిలో జరిగే హత్యల్లో వరస హంతకులవి ఒక శాతం కూడా ఉండవని ఎఫ్‌బీఐ చెబుతుంది.

రోజుకు రెండు మూడు ఎంట్రీలు మించొద్దు. పడుకునే ముందు వద్దు. వరసగా అక్షరక్రమంలో కాకుండా, ఒక ఎంట్రీ పట్టుకుని పై పనులన్నీ పూర్తి చేసి ఇంకోదానికి వెళ్లండి. వేగం దానంతటదే తగ్గుతుంది. పుస్తకం పిల్లలకు అందని చోట ఉంచండి. నలుగురిలో మాట్లాడేటప్పుడు అక్కడ ఎవరి ఇంట్లో ఏం జరిగిందో మనకు తెలియదు కాబట్టి, హింస వివరాలు అడిగితే తప్ప చెప్పకండి.

9. తర్వాత ఏం చదవాలి

ఇంకో ఎన్‌సైక్లోపీడియా కొనకండి. మూల పత్రాల దగ్గరికి వెళ్లండి, చాలావరకు ఉచితంగానే దొరుకుతాయి. ఎఫ్‌బీఐ 2008లో ప్రచురించిన చిన్న నివేదికలో అపోహల మీద ఒక భాగం ఉంది, ఒక్క పూటలో అయిపోతుంది. షిప్‌మన్ విచారణ నివేదికలు పెద్దవి. మొదటిదాంట్లో ఒక్కో రోగి మీదా ఇచ్చిన నిర్ణయాల్లో నాలుగైదు చదవండి. లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టు విచారణలు 1674 నుంచి 1913 దాకా ఆన్‌లైన్‌లో ఉన్నాయి. అక్కడ నిందితుడి పేరుతోనే కాదు, బాధితుల పేరుతోనూ వెతకొచ్చు. మీ నోటుబుక్కు ఎదురు పేజీలో ఆ కాలపు పేర్లు ఏవైనా ఉంటే వాటితోనే మొదలుపెట్టండి.